లాగౌట్ చేయకండి అన్నది నేనే

కంప్యూటర్ సపోర్టు పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు నన్ను సలహా అడిగితే, వేరే పని చూసుకో నాయనా అంటాను. మా ఆవిడకు ఈ మాట నచ్చదు. "ముప్పై ఏళ్ళు ఆ పనితోనే ఇల్లు నడిపారు, ఇప్పుడు పిల్లల్ని భయపెడతారేంటి?" అంటుంది. ఆవిడ అన్నదీ నిజమే, నేను అన్నదీ నిజమే. చెప్పినా వినకుండా వచ్చేవాళ్ళు ఎలాగూ వస్తారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నా పేరు ప్రభాకర్. మాది మెట్టుగూడ. మా నాన్నగారు రైల్వే ఉద్యోగం మీద తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను చివరి పద్దెనిమిదేళ్ళు సికింద్రాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూశాను. ఆసుపత్రి పేరు రాయను, మీకూ అక్కర్లేదు. అరవై కంప్యూటర్లు, వాటికి నేనొక్కణ్ణి. ప్రమోషన్లు రాలేదు కాబట్టి వాటి గురించి రాయడానికేమీ లేదు. రాయాల్సింది ఒకే ఒక్క విషయం ఉంది. అది చెప్పడానికి ముందు పని ఎలా నేర్చుకున్నానో కొంచెం చెప్పాలి.

చేతులు జేబులో

నాకు పని నేర్పినాయన షఫీ భాయ్. రాంగోపాల్‌పేట్‌లో కంప్యూటర్లు బాగుచేసే చిన్న షాపు ఆయనది. స్లో అయిందని ఎవరైనా కంప్యూటర్ తెస్తే నేను గబుక్కున మౌస్ పట్టుకునేవాణ్ణి. ఆయన నా చేతి మీద ఒకటి వేసేవాడు.

"అరె భాయ్, చేతులు జేబుల వెట్టుకో. ముందుగాల చూడు. దానికేం తక్లీఫ్ ఉన్నదో అదే చెప్తది. నువ్వు ముట్టుకున్నవంటే ఇగ చెప్పదు."

చూడటమంటే టాస్క్ మేనేజర్ తెరిచి చూడటం. ఏ ప్రోగ్రాం ఎంత ప్రాసెసర్ వాడుతోందో, ఎంత మెమొరీ తింటోందో అక్కడ వరసగా కనిపిస్తుంది. ఒకసారి ఒక పళ్ళ డాక్టర్ గారి క్లినిక్‌కి వెళ్ళాం. రోజూ పదకొండు గంటలకు కంప్యూటర్ మొరాయిస్తోందని కబురు. నేనైతే అన్నీ తుడిచేసి మళ్ళీ కొత్తగా ఎక్కించేవాణ్ణి. షఫీ భాయ్ పదింటికే వెళ్ళి, టీ తెప్పించుకుని, గంటసేపు ఊరికే కూర్చున్నాడు. డాక్టర్ గారు అసహనంగా చూస్తున్నారు. పదకొండు కొట్టింది. యాంటీవైరస్ లేచి ఉన్న ఫైళ్ళన్నీ వెతకడం మొదలుపెట్టింది. ఆయన దాని టైము డాక్టర్ గారి భోజనం వేళకు మార్చి, "అయిపాయె" అని లేచాడు.

ఆ గంట చూడటమే అసలు పని. ఇంత మంచి పాఠం చెప్పించుకుని కూడా నేను దాన్ని ఎలా తగలబెట్టానో ఇప్పుడు చెప్తాను.

నీలం బొమ్మ

మా ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌ నేరుగా తెరుచుకునేది కాదు. స్క్రీన్ మీద ఒక నీలం బొమ్మ ఉండేది, అది లాంచర్. దాన్ని నొక్కితే అది ముందు సర్వర్‌ను పలకరించి, కొత్త మార్పులేవైనా ఉంటే తెచ్చుకుని, ఆ తర్వాత అసలు ప్రోగ్రాంను తెరిచి లాగిన్ అడిగేది. గేటు తీసే వాచ్‌మన్ లాంటిది. మా వాచ్‌మన్‌కి గేటు తీయడానికి తొమ్మిది పది నిమిషాలు పట్టేది.

ఆ పది నిమిషాలూ స్క్రీన్ మీద ఏమీ కనపడదు. నొక్కామా లేదా అని అనుమానం వచ్చి జనం మళ్ళీ నొక్కేవాళ్ళు. ఇంకోసారి. ఇంకోసారి. నొక్కిన ప్రతిసారీ లోపల ఇంకో లాంచర్ మొదలయ్యేది. నేను వెళ్ళి చూస్తే ఏడో ఎనిమిదో లాంచర్లు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి, ప్రాసెసర్ నూటికి నూరు, మెమొరీ ఖాళీ లేదు, ఫ్యాన్ రొద. పొద్దున ఎనిమిదింటికి నా ఫోను మోగడం మొదలైతే పదకొండు దాకా ఆగేది కాదు.

"సార్, నీలం బొమ్మ సచ్చిపోయింది."

"ప్రభాకర్ సార్, పేషెంట్లు మమ్మల్ని తిడుతున్నరు, జెర జల్ది రాండ్రి."

నాకు తల ప్రాణం తోకకొచ్చేది. పరుగెత్తేవాణ్ణి, లాంచర్లన్నీ మూయించేవాణ్ణి, రీస్టార్ట్ చేసేవాణ్ణి, "ఇంక ఒక్కసారే నొక్కండి తల్లీ" అని దండం పెట్టి పక్క కౌంటర్‌కి పోయేవాణ్ణి. ఇలా రెండేళ్ళు. రెండేళ్ళూ నేను అందర్నీ తిట్టాను. కంప్యూటర్లు పాతవన్నాను. యాంటీవైరస్ బరువన్నాను. సాఫ్ట్‌వేర్ కంపెనీవాళ్ళు దొంగలన్నాను. పోరు పెట్టి అన్నిటికీ మెమొరీ పెంచించాను, ఆ పెంచినదాన్ని కూడా లాంచర్ మింగేసింది.

ఒక్క పొద్దున, ఒక్క కంప్యూటర్ ముందు, చేతులు జేబులో పెట్టుకుని పది నిమిషాలు నిలబడి చూడలేదు. టైము ఎవరిచ్చారు అని అప్పట్లో అనేవాణ్ణి. నిజం అది కాదు. చూస్తే నాకు అర్థం కాకపోతే ఎలా అని భయం. యాభై ఐదేళ్ళవాడికి ఆ భయం ఉంటుంది. పరుగెత్తుతున్నంతసేపూ పని తెలిసినవాడిలాగే కనిపిస్తాం.

నేనిచ్చిన సలహా

ల్యాబ్‌లో రేణుక అని టెక్నీషియన్ ఉండేది. పదకొండేళ్ళ అనుభవం. బోయిన్‌పల్లి నుంచి వచ్చేది, అయినా పొద్దున అందరికంటే ముందు ఏడింటికే ల్యాబ్‌లో ఉండేది. చెయ్యి ఎంత తేలికంటే, పిల్లల వార్డులో నరం దొరక్కపోతే నర్సులు ఈమె కోసం ఎదురుచూసేవాళ్ళు. ఒకరోజు నా గదికి వచ్చింది.

"సార్, మనిషి మారినప్పుడల్ల లాగౌట్ కొట్టి మళ్ల తెరవాల్నంటే పది నిమిషాలు పోతున్నయి. అవుతల ఐసీయూ సిస్టర్ ఫోన్ మీద ఫోన్. మస్తు పరేషాన్ అయితున్నది. ఏం జెయ్యమంటరు?"

"లాగౌట్ చేయకండమ్మా. పొద్దున ఎవరు ముందు తెరిస్తే వాళ్ళ లాగిన్‌లోనే సాయంత్రం దాకా నడిపించెయ్యండి."

"అంటే అందరు నా పేరు మీదనే కొడతరు గద సార్. రేపు ఏమన్న అయితే?"

"ఏమవుతుందమ్మా? నేనున్నాగా."

ఈ పనిలో ఎవరికీ ఎప్పుడూ చెప్పకూడని మాట అది. మనం ఉండం. మనం ఉండమని ఆ మాట చెప్పేటప్పుడే మనకు ఎక్కడో తెలుసు.

వారంలోపే ఆసుపత్రి అంతా అదే పద్ధతి. ముందొచ్చినవాళ్ళు తెరవాలి, తర్వాతవాళ్ళు అందులోనే కొట్టుకోవాలి. ఫోన్లు తగ్గాయి. లాంచర్‌ని బాగుచేసినంత సంబరపడ్డాను. నేను చేసిందేమిటంటే జబ్బును అలాగే ఉంచి, ఆ బరువును పొద్దున్నే వచ్చేవాళ్ళ పేరు మీద వేశాను. ల్యాబ్‌లో పొద్దున్నే వచ్చేది రేణుక.

ఎంక్వైరీ

ఒకే పేరున్న ఇద్దరు పేషెంట్లు ఒకే రోజు వచ్చారు. ఇద్దరూ లక్ష్మయ్యలే. ఒకాయన కిడ్నీ పేషెంటు, ఇంకొకాయన మామూలు చెకప్‌కి వచ్చినవాడు. మధ్యాహ్నం ఎవరో పొరపాటున ఒకాయన ఫలితాలు రెండో ఆయన కింద కొట్టారు. కిడ్నీ ఆయనకు రక్తంలో పొటాషియం ప్రమాదకరంగా ఉంది, రిపోర్టు మాత్రం బాగానే ఉన్నట్టు వెళ్ళింది. ఇంటికి పంపేశారు. మర్నాడు పొద్దున గుండె గతి తప్పి ఎమర్జెన్సీకి తెచ్చారు. మూడో రోజు పోయాడు.

ఆ ఎంట్రీ కొట్టిన సమయానికి తను పైన వార్డులో రక్తం తీస్తున్నానని రేణుక చెప్పింది. ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో ఇంకా ఇద్దరున్నారు. ఇద్దరూ గుర్తులేదన్నారు. సిస్టమ్‌లో మాత్రం రేణుక పేరు ఉంది.

మా అడ్మినిస్ట్రేటర్ మూర్తిగారు నన్ను పిలిపించారు. చెడ్డ మనిషి కాడు, గొడవలంటే భయపడే మనిషి. ఆయన టేబుల్ ముందు రేణుక నిలబడి ఉంది. కూర్చోమనలేదు.

"ప్రభాకర్ గారూ, ఈ ఎంట్రీ ఎవరి లాగిన్ నుంచి వచ్చింది?"

"రేణుక లాగిన్ నుంచండి."

"సిస్టమ్ తప్పు చూపించే అవకాశం ఏమన్నా ఉందా?"

"లేదండి. ఉన్నది ఉన్నట్టే చూపిస్తుంది."

రేణుక నా వైపు తిరిగింది. "సార్, మీరే గద లాగౌట్ కొట్టొద్దన్నరు. అందరు నా దాంట్లనే కొడతరని మీకు తెలుసు గద. జెర చెప్పున్రి సార్."

మూర్తిగారు నన్ను చూశారు. నేను ఆ సలహాను కాగితం మీద ఎక్కడా పెట్టలేదు, మెయిల్‌లో రాయలేదు. నోటిమాట. దానికి సాక్ష్యం నేనొక్కణ్ణే.

"అర్జెంటుగా ఉన్నప్పుడు ఎప్పుడైనా అలా చేయొచ్చన్నానండీ. రోజూ చేయమని కాదు" అన్నాను.

అది అబద్ధం. పచ్చి అబద్ధం. నేను ఇంకా రెండున్నరేళ్ళు ఉద్యోగం చేయాల్సి ఉంది, ఆసుపత్రిలో ఒక మనిషి పోయాడు, ఎవరో ఒకరి మెడకు చుట్టుకోవాలి, నా మెడకు కాకుండా చూసుకున్నాను. దీనికి ఇంతకంటే గౌరవమైన కారణం ఏదైనా ఉందేమోనని చాలా వెతికాను. లేదు.

ఆ వారంలోనే ఆమెను తీసేశారు. ల్యాబ్ నుంచి బయటికి పోవాలంటే నా గది ముందునుంచే పోవాలి. ఆమె బ్యాగు పట్టుకుని పోతున్నప్పుడు నేను ఫోన్‌లో మాట్లాడుతున్నట్టు నటించాను.

ఒక్క లైను

అది జరిగిన ఏడెనిమిది నెలలకు రిసెప్షన్‌కు ఒక కొత్త కంప్యూటర్ వచ్చింది. మామూలుగా పాతదాని నుంచి ఫైళ్ళన్నీ కాపీ చేసేవాణ్ణి. ఆ రోజు పాతది పూర్తిగా చచ్చిపోయింది కాబట్టి లాంచర్ సెట్టింగులు చేత్తో టైపు చేశాను. నీలం బొమ్మ నొక్కాను. నాలుగు సెకన్లలో తెరుచుకుంది.

సంతోషించాల్సిన మనిషిని, కుర్చీలో కూలబడ్డాను.

పక్క కంప్యూటర్‌లో ఆ సెట్టింగుల ఫైలు తెరిచి రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. పాత ఫైల్లో ఒక లైను ఎక్కువ ఉంది. ఎప్పుడో మేము సర్వర్ మార్చినప్పుడు కొత్త అడ్రస్ నేనే రాశాను, పాత అడ్రస్ మాత్రం దాని పైన అలాగే వదిలేశాను. ఎందుకైనా మంచిదని. లాంచర్ ముందు పై లైను చదివి, ఎక్కడా లేని ఆ పాత సర్వర్‌ని పిలుస్తూ కూర్చునేది. అది పలకదు. మళ్ళీ పిలిచేది. క్షణం తెరిపి లేకుండా పిలుస్తూనే ఉండేది, అందుకే ప్రాసెసర్ నూటికి నూరు. పది నిమిషాలకు విసిగి రెండో లైను చదివేది. కంప్యూటర్లు పాతవి కావు. కంపెనీవాళ్ళు దొంగలు కారు. ఆ లైను నాది.

అరవై కంప్యూటర్లలోనూ దాన్ని తీసేయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. మర్నాడు పొద్దున నా ఫోను మోగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి ఒకర్తె మాత్రం, "ఇయ్యాల నెట్ మంచిగ వస్తున్నది సార్" అంది.

ఆ రోజే మూర్తిగారి గదికి వెళ్ళాను. వెళ్ళాననే రాస్తున్నాను, ఆ మాత్రం చేశాను. లాంచర్ సంగతి, లాగౌట్ సంగతి, రేణుక సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఇప్పుడా చెప్పేది? ఆ ఎంక్వైరీ ఫైలు మూసేశామండీ. మళ్ళీ తెరిచామంటే ఆ పోయినాయన వాళ్ళు వస్తారు, లాయర్లు వస్తారు. మీరూ ఉండరు, నేనూ ఉండను. కంప్యూటర్లు బాగయ్యాయిగా. ఇంటికెళ్ళి హాయిగా పడుకోండి."

సరేనండి అన్నాను. ఆయన బలవంతపెట్టలేదు, ఒక్కసారి చెప్పారంతే. నేనే తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చాను.

మూడు ఫారాలు

ఇది అన్నిటికంటే రాయడానికి కష్టమైన భాగం, అందుకే చిన్నగా రాస్తాను.

ఎవరైనా మా దగ్గర మానేసి వేరేచోట చేరితే, ఆ కొత్తవాళ్ళు మా ఆఫీసుకు ఒక ఫారం పంపేవాళ్ళు. ఈ మనిషి ఎందుకు మానేశారు, రికార్డు ఎలా ఉంది అని. సిస్టమ్‌కి సంబంధించిన గడి నా దగ్గరికి వచ్చేది. రేణుక పేరు మీద అలాంటి ఫారాలు మూడు వచ్చాయి, మూడు వేర్వేరు ల్యాబ్‌ల నుంచి. మూడూ నేను నిజం తెలుసుకున్న తర్వాత వచ్చినవే.

మూడింటిలోనూ ఒకే వాక్యం రాశాను. "రికార్డుల ప్రకారం సదరు తప్పు ఎంట్రీ ఈమె లాగిన్ నుంచి నమోదైంది." రాసి సంతకం పెట్టాను. అక్షరం కూడా తప్పు లేదు అందులో. రెండో ఫారం అప్పుడు పెన్ను కాసేపు ఆగింది. మూడోదానికి ఆగలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. సిస్టమ్ రాసిపెట్టుకునే లాగ్ చెప్పేది ఏ పేరు కింద కొట్టారనే. ఎవరి వేళ్ళు కొట్టాయో అది చెప్పదు. ఆ తేడా ఆ గదిలో ఒక్క మనిషికే తెలుస్తుంది, ఆ మనిషి మీరే అయి ఉంటారు. తెలిసిన రోజే కాగితం మీద పెట్టండి. ఉద్యోగం పోతే పోతుంది. నేను ఉద్యోగం కాపాడుకున్నాను, చూస్తున్నారుగా ఎలా ఉన్నానో.

బోయిన్‌పల్లి

రిటైరయ్యాక, శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాక, నెలరోజులు కూర్చుని ఒక ఉత్తరం రాశాను. ఒకటే పేజీ. లాంచర్ తప్పు నాదని, లాగౌట్ చేయవద్దని రోజువారీగా చెప్పింది నేనేనని, ఆ ఎంట్రీ రేణుకే కొట్టిందనడానికి ఆధారం ఏమీ లేదని. కింద పూర్తి పేరు, సంతకం. ఏ ల్యాబ్‌లోనైనా చూపించుకుంటుందని నా ఆశ. ఆమె ఇప్పుడు కూరగాయల మార్కెట్‌లో వాళ్ళన్న దుకాణంలో ఉంటోందని ల్యాబ్‌లో ఒకాయన చెప్పాడు.

పొద్దున తొమ్మిదింటికి వెళ్ళాను. టమాట ట్రేలు దింపుతున్నారు. రేణుక కాంటా దగ్గర నిలబడి తూకం చూస్తోంది. చేతులకు మట్టి. నన్ను చూసి గుర్తుపట్టింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నమస్తే సార్. మంచిగున్నరా? గింత దూరం వచ్చిన్రు." ఒక ట్రే బోర్లించి దాని మీద కూర్చోమంది. టీ చెప్పింది.

నేను ఉత్తరం ఇచ్చాను. చేతులు కొంగుకు తుడుచుకుని తీసుకుంది. నిలబడే చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"మూడు ల్యాబ్‌లల్ల సెలెక్ట్ అయిన సార్" అంది. "ఒక దాంట్లయితే ఏ రోజు రావాల్నో సుత చెప్పిన్రు. తర్వాత ఫోన్ రాలే."

"ఆ ఫారాలు..." అన్నాను.

"తెలుసు సార్. ఒక కాడ మేడమ్ చూపిచ్చింది. మీ సంతకం నాకు తెల్వదా? పదకొండేండ్లు చూసిన."

టీ వచ్చింది. ఆమె ఉత్తరం చివర వేలు పెట్టింది.

"ఇక్కడ మీ పేరు కింద రిటైర్డ్ అని ఉన్నది."

"అవునమ్మా. పోయిన నెలే."

"మీరు నౌకరీల ఉండి పెట్టిన సంతకానికి మూడు కాడ వద్దన్నరు. రిటైర్ అయినంక పెట్టిన సంతకానికి నన్ను ఎవరు రమ్మంటరు సార్?"

కోపంగా అడగలేదు. నిజంగానే అడిగింది, నాకు తెలిసి ఉంటుందేమో అన్నట్టు. అవతల నుంచి వాళ్ళన్న, "రేణుకా, కాంటా చూడు" అని కేకేశాడు. ఆమె ఉత్తరాన్ని పాత మడతల మీదే జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టి, "టీ తాగి పోండ్రి సార్" అని తూకం దగ్గరికి వెళ్ళిపోయింది.

టీ తాగాను. కాసేపు చూశాను, ఆమె మళ్ళీ ఇటు తిరగలేదు. బస్సెక్కి సీట్లో కూర్చున్నాక గుర్తొచ్చింది, క్షమించమ్మా అనే మాట నేను ఆ ఉత్తరంలోనూ రాయలేదు, ఆమెతోనూ అనలేదు.